అన్నీ వచ్చే గిటారు

హనుమకొండలో మొదటిసారి ఎలక్ట్రిక్ గిటారు కొనబోయే కుర్రవాడికి ఎక్కువగా వినిపించే సలహా ఒకటుంది: "హెచ్‌ఎస్‌ఎస్ తీస్కో తమ్మీ, అన్నీ వస్తయ్." అంటే బ్రిడ్జి పక్కన జంట కాయిళ్ళ హంబకర్ ఒకటి, నడుమ ఒక సింగిల్ కాయిల్, మెడ దగ్గర ఇంకో సింగిల్ కాయిల్ ఉన్న గిటారు. ఒకే చెక్క మీద రెండు జాతుల పికప్పులు. కాలేజీ ఫెస్టులో ఒక పాటకు రాక్ గరగర కావాలి, తర్వాతి పాటకు ఇళయరాజా పాటలో వినిపించేలాంటి తేటైన ఆర్పెజియో కావాలి. పాటకో గిటారు కొనే స్తోమత విద్యార్థికి ఉండదు కాబట్టి ఈ సలహా పుట్టింది.

సలహా తప్పు కాదు. నన్నడిగినా మొదటి గిటారుకు అదే చెబుతాను. కానీ "అన్నీ వస్తయ్" అన్న మాట మాత్రం నిజం కాదు. ఆ గిటారు మీదున్న అయిదు స్విచ్చి స్థానాల్లో రెండు చోట్ల హమ్, అంటే కరెంటు రొద, వచ్చి తీరుతుంది, రెండు చోట్ల పోగొట్టవచ్చు, మిగిలిన ఒక్కచోట అది లోపల వైరు ఎలా కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్క కొట్టువాడి నోటి నుంచి రాదు, కంపెనీ కాగితంలోనూ అరుదుగా కనిపిస్తుంది. అయితే పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తున్నవాళ్ళు ఎవరైనా దాన్ని తమంతట తాము వేసుకోవచ్చు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. పికప్ మైకు కాదు. దానికి శబ్దం వినపడదు. గిటారు మీద వంగి గట్టిగా మాట్లాడినా మంచి పికప్ ఆ మాటను ఆంప్‌కు చేర్చదు. దానికి తెలిసేది ఒక్కటే, తన ఎదురుగా ఉన్న ఉక్కు తీగ కదులుతోందా లేదా అని. పికప్‌లోని అయస్కాంతం తన పైనున్న ఉక్కు తీగ ముక్కను కూడా అయస్కాంతంగా మారుస్తుంది. తీగ ఊగినప్పుడు కాయిల్ గుండా పోయే అయస్కాంత అభివాహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ మార్పు కాయిల్‌లో వోల్టేజీ పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఇంతే. అమెరికాలో జార్జ్ బోషాంప్ 1931 ప్రాంతంలో గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతంతో దీన్ని గిటారుకు పనికొచ్చేలా చేశాడు. రికెన్‌బాకర్ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది.

మన ప్రాంతంలో కాయిల్ అంటే కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు మోసుకెళ్ళని రైతు కుటుంబం వరంగల్ చుట్టుపక్కల ఉండదు. అక్కడ బల్ల మీద కనిపించే ఎనామిల్ రాగి తీగే పికప్‌లోనూ ఉంటుంది, కాకపోతే చాలా సన్నగా. 42 గేజ్ రాగి తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్‌కు దాన్ని ఎనిమిది వేలకు అటూ ఇటూగా చుట్లు చుడతారు. విప్పి నేల మీద పరిస్తే కిలోమీటరు దాటుతుంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగైన డబ్బాలో అంత తీగ!

తీగ ఉక్కుదో నికెల్‌దో అయితేనే ఇదంతా జరుగుతుంది. నైలాన్ తీగ ముందు పికప్ ఉలకదు పలకదు. స్వచ్ఛమైన ఇత్తడి తీగ ముందూ దాదాపు అంతే. వీణకు గిటారు పికప్ బిగించాలని చూసేవాళ్ళు తీగల లోహం దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

విద్యుత్ తీగ వాద్యం మన సంగీతానికి ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పడానికి ఉప్పలపు శ్రీనివాస్‌ను మించిన ఉదాహరణ లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో, 1981లో మద్రాసు డిసెంబరు కచేరీల్లో వాయించే నాటికి పసివాడు. మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమా అని అనుమానపడ్డవాళ్ళ అనుమానంలో న్యాయం ఉంది. మామూలు మాండొలిన్‌లో తీగ మీటగానే దాని శక్తిని పలచని పైచెక్క లాగేసుకుని గాలిలోకి శబ్దంగా వదిలేస్తుంది. నాదం టక్కున చచ్చిపోతుంది. ఒక్క మీటుతో నాలుగు స్వరాల మీదుగా జారే గమకానికి అంత ఆయుష్షు చాలదు. పైగా జంటలుగా ఉండే ఎనిమిది తీగలను ఒకే శ్రుతిలో లాగడం కష్టం. శ్రీనివాస్ ఒంటి తీగలకు మారి, తర్వాత అయిదో తీగ చేర్చుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. ఘనమైన చెక్క తీగ శక్తిని అంత తొందరగా మింగదు. తీగ చివరికంటా ఊగే కొద్దిపాటి ఊపును పికప్ పట్టుకుంటుంది, ఆంప్ దాన్ని పెద్దది చేస్తుంది. ఆ సాధన, ఆ మనోధర్మం పికప్ ఇచ్చినవి కావు. కానీ అవి సభలో చివరి వరుస దాకా చేరడానికి దారి వేసింది మాత్రం అయస్కాంతమూ రాగి చుట్టలే.

ఇక హమ్ సంగతి. కాయిల్‌కు తన తీగ వల్ల మారే అభివాహం ఏదో, గోడలోని కరెంటు వైరు వల్ల మారే అభివాహం ఏదో తెలియదు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇంట్లో ప్రతి వైరూ, ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ, పాత ట్యూబులైటు చోకూ సెకనుకు 100 సార్లు దిశ మార్చే అయస్కాంత క్షేత్రాన్ని చుట్టూ పరుస్తూ ఉంటాయి. దాన్ని సింగిల్ కాయిల్ అణువణువూ పట్టి ఆంప్‌కు అప్పజెబుతుంది. తిప్పే కొద్దీ వేగం మారే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఫ్యానుకు ఉంటే పరిస్థితి ఇంకా పాడవుతుంది. అది ప్రతి అర్ధ చక్రాన్నీ మధ్యలో కోసి వదులుతుంది కాబట్టి 50 హెర్ట్జ్‌కు దాని గుణిజాలు తోడై 'జుయ్' మనే రొద అవుతుంది. మెట్టు మెట్టుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ ఈ పని చేయదు. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకున్నప్పుడు 50తో పాటు 150, 250, 350 హెర్ట్జ్‌లు బలంగా దిగుతాయి, అంతవరకూ కింద గొణిగిన హమ్ ఒక్కసారిగా గొంతెత్తుతుంది. కాజీపేటలో రైలు పట్టాల పక్కనే ఇల్లున్నవాళ్ళకు ఇంకో వనరు: పైన వేలాడే 25 వేల వోల్టుల తీగలో పారేది కూడా 50 హెర్ట్జ్ కరెంటే, ఇంజను బరువు లాగే కొద్దీ అది పెరుగుతుంది.

గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ దీనికి చూపిన పరిష్కారం నాకు భౌతికశాస్త్రంలో ఉన్న అందమైన చిన్న ఉపాయాల్లో ఒకటి అనిపిస్తుంది. 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1957లో గిటార్లలో వచ్చింది, 1959లో పేటెంటు దక్కింది. రెండు కాయిళ్ళను పక్కపక్కన పెట్టాడు. ఒకదానికి అయస్కాంతపు ఉత్తర ధ్రువం పైకి, రెండోదానికి దక్షిణ ధ్రువం పైకి. ఆపై రెండో కాయిల్‌ను విద్యుత్ పరంగా తిరగేసి మొదటిదానితో కలిపాడు. ఇప్పుడు గుర్తుల లెక్క చూడండి. తీగ వల్ల పుట్టే వోల్టేజీ గుర్తు రెండిటి మీద ఆధారపడుతుంది: ధ్రువం మీద, చుట్టిన దిశ మీద. రెండూ తిరగబడ్డాయి కాబట్టి మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. రెండు కాయిళ్ళ సంకేతాలూ కూడుకుంటాయి. గోడ వైరు నుంచి వచ్చే హమ్‌కు గిటారులోని అయస్కాంతంతో సంబంధం లేదు. దాని గుర్తు చుట్టిన దిశ ఒక్కదాని మీదే ఆధారపడుతుంది, అదొక్కటే తిరగబడింది. కనుక హమ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొట్టేసుకోవాలంటే రెండు కాయిళ్ళకూ ఒకే హమ్ చేరాలి. ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌కు అంటుకుని నిలబడితే దగ్గరి కాయిల్‌కు ఎక్కువ, దూరపుదానికి తక్కువ చేరి హంబకర్ కూడా కొంత గొణుగుతుంది. రెండడుగులు వెనక్కి జరిగితే సరి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గిటారులో రొద రెండు రకాలు. ఇప్పటిదాకా చెప్పింది అయస్కాంత క్షేత్రం తెచ్చేది. రెండోది విద్యుత్ క్షేత్రం తెచ్చేది. గిటారు లోపలి వైర్లు యాంటెన్నాలా పనిచేసి పట్టుకునే ఈ రొదను రాగి రేకు అతికించి, దాన్ని గ్రౌండుకు కలిపి ఆపవచ్చు. తీగ మీద చెయ్యి వేయగానే తగ్గిపోయే రొద ఈ రెండో జాతిది. చెయ్యి వేసినా తగ్గక, గిటారును పట్టుకుని అటూ ఇటూ తిరిగితే పెరుగుతూ తగ్గుతూ ఉండేది మొదటి జాతిది. అయస్కాంత క్షేత్రానికి కాయిల్ అడ్డం తిరిగినప్పుడు అది దాదాపు మాయమవుతుంది. రాగి రేకు అతికిస్తే హమ్ పూర్తిగా పోతుందని నమ్మి డబ్బు పెట్టకూడదు. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఆ పలచని రేకును లెక్కచేయకుండా దాటేస్తుంది.

చెయ్యి వేస్తే రొద ఎందుకు తగ్గుతుంది? తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ గ్రౌండుకు కలిసి ఉంటాయి కాబట్టి. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి కూడా. వినాయక మండపం దగ్గర జనరేటరు మీద, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఆంప్ నడుపుతూ, ఇంకో లైను మీదున్న మైకుకు పెదవి తగిలిస్తే ఆ తేడా వోల్టేజీ వాయించేవాడి ఒంట్లోంచి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే అలవాటు గిటారు వాయించే ఇంట్లో ఒక్కనాడూ ఉండకూడదు. గిటారు బడ్జెట్‌లో కొంత తగ్గించుకుని అయినా ఇంటికి సరైన ఎర్తింగు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించమని తల్లిదండ్రులకు నా విన్నపం.

హమ్ పోగొట్టడమే అయితే అందరూ హంబకర్లే వాడేవాళ్ళు. పోయేది హమ్ ఒక్కటే కాదు, దాంతో పాటు గొంతూ మారిపోతుంది. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లోని ప్రాంగణానికి మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పేరు పెట్టుకున్నాం. ఆయన స్వరతంత్రులు అవే, వాటి నుంచి ఒకసారి నెహ్రూ, ఒకసారి ఏదో సినిమా విలన్ ఎలా వచ్చారు? నాలుక, దవడ, గొంతు ఆకారం మార్చి, నోటిలో ఏ పౌనఃపున్యాలు మోగాలో ఏవి అణగాలో మార్చడం వల్ల. పికప్ కూడా అలాంటి అనునాదకమే. కాయిల్‌కు ఇండక్టెన్స్ ఉంటుంది, కేబుల్‌కు కెపాసిటెన్స్ ఉంటుంది. రెండూ కలిసి ఒకచోట మోగుతాయి, ఆ పైనున్నవన్నీ రాలిపోతాయి. ఆ మోగే చోటే పికప్ గొంతు.

అంకెలు వేసి చూద్దాం. సింగిల్ కాయిల్‌కు సుమారు 2.4 హెన్రీలు, హంబకర్‌కు 4.5 హెన్రీలు అనుకుందాం. కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు, ఆంప్, లోపలి వైర్లు కలిపి ఇంకో 100. మూడు మీటర్ల కేబుల్‌తో సింగిల్ కాయిల్ 5,100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, హంబకర్ 3,750 దగ్గర. ఆ తేడానే మనం ఒకటి 'మెరుస్తోంది', ఇంకొకటి 'బొద్దుగా ఉంది' అంటాం. ఇప్పుడు అదే సింగిల్ కాయిల్‌కు ఆరు మీటర్ల కేబుల్ తగిలించండి: 3,900కు దిగిపోతుంది. అంటే పొడుగు కేబుల్ పెట్టిన సింగిల్ కాయిల్ పొట్టి కేబుల్ పెట్టిన హంబకర్ పక్కకు వచ్చి కూర్చుంటుంది! "ఈ సింగిల్ కాయిళ్ళు డల్లుగా ఉన్నాయి" అని గిటారు మార్చేసేవాళ్ళు ముందు కేబుల్ మార్చి వినాలి.

హంబకర్ రెండు చోట్ల తీగను చూస్తుంది కాబట్టి పై స్వరాలు పోతాయని ఒక వాదన ఉంది. కొంతవరకే నిజం. రెండు కాయిళ్ళ మధ్య దూరం దాదాపు 18 మిల్లీమీటర్లు. తీగ మీది ఒక అల సగం సరిగ్గా ఆ దూరంలో ఇమిడితే ఒక కాయిల్ దగ్గర తీగ పైకి, రెండోదాని దగ్గర కిందికి పోయి సంకేతం కొట్టుకుపోతుంది. 648 మిల్లీమీటర్ల స్కేలున్న గిటారులో లావు ఇ తీగ మీద ఇది 3,000 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది, చెవికి తెలుస్తుంది. సన్న ఇ తీగలో అల నాలుగు రెట్లు వేగంగా పోతుంది కాబట్టి ఇదే సంగతి 12,000 దగ్గర జరుగుతుంది. గిటారు స్పీకరు 5,000 దాటాక ఎలాగూ నీరసిస్తుంది, కనుక అక్కడ పోయేదేమీ లేదు. సన్న తీగల మీద హంబకర్ మెత్తబడటానికి ఇండక్టెన్సే ప్రధాన కారణం.

ఈ రెండు గొంతులనూ ఒక గిటారులో పెట్టాలన్న ఆలోచన కంపెనీల కంటే ముందు వాయించేవాళ్ళకు వచ్చింది. ఫెండర్ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో మూడూ సింగిల్ కాయిళ్ళే. 1970లలో ఎడ్డీ వాన్ హేలెన్ స్ట్రాట్ ఆకారపు చెక్కను తొలిచి బ్రిడ్జి దగ్గర గిబ్సన్ హంబకర్ దింపాడు. తీగలను వదులు చేసే ఆ ట్రెమొలో కావాలి, లెస్ పాల్ గిటారు లావు గొంతూ కావాలి, రెండూ ఒకేచోట అమ్మేవాళ్ళు లేరు. తర్వాతి దశాబ్దంలో ఆ పొందిక ఫ్యాక్టరీల నుంచే వచ్చింది. యమహా పసిఫికా, స్క్వయర్ స్ట్రాట్‌లలో మన విద్యార్థులు చూసే హెచ్‌ఎస్‌ఎస్ అమరిక దాని వారసత్వమే.

కాపురం కుదిరింది గానీ సర్దుబాట్లు తప్పలేదు. సింగిల్ కాయిళ్ళకు 250 కిలోఓముల వాల్యూమ్ పాట్ అలవాటు, హంబకర్‌కు 500. పాట్ విలువ తగ్గే కొద్దీ ఆ అనునాదం మెత్తబడుతుంది. 500 పెడితే సింగిల్ కాయిల్ చెవిలో గుచ్చుతుంది, 250 పెడితే హంబకర్ దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. నా ఓటు 500కే. గుచ్చుకునేదాన్ని టోన్ నాబ్ తగ్గించి సరిచేయవచ్చు, లేనిదాన్ని తెచ్చి పెట్టలేం. మోత సంగతీ అంతే, హంబకర్ గట్టిగా పలుకుతుంది కాబట్టి దాన్ని స్క్రూలతో కొంచెం దించుకోవాలి. అంతే తప్ప సింగిల్ కాయిళ్ళను తీగకు ఆనేంత పైకి లేపకూడదు. వాటిలో చాలావరకు తీగ కిందే నిలువు అయస్కాంతం ఉంటుంది, అది లావు తీగను లాగి శ్రుతిని వణికిస్తుంది. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి చూస్తే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు సందు ఉండాలి.

స్విచ్చి స్థానాల లెక్కకు వద్దాం. బ్రిడ్జి హంబకర్ ఒక్కటే మోగే చోట హమ్ లేదు. నడిమి సింగిల్ కాయిల్ ఒక్కటే మోగినా, మెడ దగ్గరది ఒక్కటే మోగినా హమ్ ఉంటుంది. నడిమిదీ మెడదీ కలిసిన చోట, నడిమిదాన్ని ధ్రువమూ చుట్టిన దిశా తిరగేసి చేసి ఉంటే సెత్ లవర్ లెక్కే పనిచేసి హమ్ పోతుంది. ఫెండర్ 1977లో అయిదు స్థానాల స్విచ్చి తెచ్చేదాకా వాయించేవాళ్ళు మూడు స్థానాల స్విచ్చిని మధ్యలో ఇరికించి ఈ కలయికను వాడుకునేవాళ్ళు. ఇక మిగిలింది బ్రిడ్జి, నడిమి కలయిక. హంబకర్ మొత్తంగా కలిస్తే నడిమిదాని హమ్‌కు జోడీ దొరకదు, మిగిలిపోతుంది. స్విచ్చి ఆ చోటుకు రాగానే హంబకర్‌లో ఒక కాయిల్‌ను మాత్రమే, అదీ నడిమిదానికి వ్యతిరేక గుర్తు ఉన్న కాయిల్‌ను, ఉంచేలా వైరు కలిపి ఉంటే హమ్ పోతుంది, గంట మోగినట్టుండే ఆ తేట గొంతూ వస్తుంది. అదే డబ్బుకు రెండు గిటార్లు పోటీలో ఉంటే నేను చూసే మొదటి తేడా ఇదే. టోన్ నాబ్‌ను పైకి లాగితే కాయిల్ స్ప్లిట్ అయ్యే మోడళ్ళలో, స్ప్లిట్ చేసి హంబకర్ ఒక్కటే మోగిస్తే హమ్ తిరిగొస్తుంది. ఆ సదుపాయం మంచిదే, కానీ అది నిజమైన సింగిల్ కాయిల్‌కు సమానం కాదు. సగం హంబకర్‌కు చుట్లు సుమారు 5,000, పూర్తి సింగిల్ కాయిల్‌కు 8,000. గొంతు పలచగా ఉంటుంది.

ఏ స్థానంలో ఏ కాయిల్ మోగుతోందో కొట్టులోనే తెలుసుకోవచ్చు. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, చిన్న ఇనుప స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కో కాయిల్ మీది మేకులను మెల్లగా తట్టాలి. పనిచేస్తున్న కాయిల్ 'టక్' మని గట్టిగా పలుకుతుంది, ఆగి ఉన్నది దాదాపు పలకదు. స్విచ్చిని ఒక్కో చోటుకూ జరిపి మళ్ళీ తట్టి కాగితం మీద రాసుకుంటే వైరింగు పటం తయారవుతుంది.

పికప్‌ను కిలోఓముల అంకెతో అమ్మేవాళ్ళను మాత్రం పట్టించుకోవద్దు. సింగిల్ కాయిల్ ఆరు, హంబకర్ ఎనిమిది కిలోఓముల దగ్గర ఉండటం మామూలే. ఎక్కువ ఓములు ఉంటే ఎక్కువ మోత అనుకోవడం పొరపాటు. తీగ సన్నబడినా ఓములు పెరుగుతాయి. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది, కాబట్టి 20 డిగ్రీల దగ్గర 8 కిలోఓములు చూపిన హంబకర్ వరంగల్ మే నెల 44 డిగ్రీల్లో 8.75 చూపిస్తుంది. గిటారు అదే, దాని మోతా అదే. మల్టీమీటరును తెగిన కాయిల్ పట్టుకోవడానికి వాడండి. అంకె అసలే రాకపోతే లోపల తీగ తెగిందని అర్థం.

గిటారును కొట్టులోని ఆంప్ మీద విని తీసుకున్నా, మార్చుకునే గడువులోగా ఇంట్లో మళ్ళీ వినాలి. రాత్రి ఏడు దాటాక, వీధిలో అన్ని ఇళ్ళలో లైట్లు వెలిగాక, ఫ్యాను తిరుగుతుండగా, మీరు రోజూ కూర్చునే కుర్చీలోనే వాయించండి. మెడ సింగిల్ కాయిల్ మీద స్విచ్చి పెట్టి, ఆంప్‌లో మీరు నిజంగా వాడే గెయిన్ పెట్టి, తీగల మీద అరచెయ్యి వేసి నిశ్శబ్దంగా ఉంచి వినండి. కుర్చీని పావు చుట్టు తిప్పి మళ్ళీ వినండి. ఫ్యాను రెగ్యులేటర్ ఆపి వినండి. ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆఫ్ చేసి దాని మీదా వినండి. మీరు వాయించేవన్నీ తేట గొంతు పాటలైతే ఆ హమ్ పాట కింద అణిగిపోతుంది, హెచ్‌ఎస్‌ఎస్ హాయిగా సరిపోతుంది. మెడ దగ్గర కూడా గెయిన్ పెంచి సోలోలు వాయించేవాళ్ళయితే రెండు చివర్లా హంబకర్, నడుమ సింగిల్ ఉన్న హెచ్‌ఎస్‌హెచ్ చూసుకోవడం మేలు. గమకాలు సాధన చేయాలనుకునేవాళ్ళకు నేను మెడ సింగిల్ కాయిలే చెబుతాను, హమ్‌తో సహా. జారుడులో ప్రతి మధ్య స్థానం విడిగా వినపడాలంటే పై పౌనఃపున్యాలు ఉండి తీరాలి. వాటిని కోల్పోయి తెచ్చుకున్న నిశ్శబ్దం ఆ సాధనకు పనికిరాదు.